వెలగని వైపు

"అమ్మా, టీ చల్లారిపోతోందని దానితో చెప్పు."

అన్నయ్య ఈ మాట అన్నప్పుడు చెల్లెలు డాక్టరమ్మ అతనికి ఎదురుగానే కూర్చుని ఉంది. ఇద్దరికీ మధ్య ఒక బల్ల, దాని మీద రెండు గ్లాసులు. అంతే దూరం.

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "దానికి చెవులు బాగానే ఉన్నాయిరా. సరిగ్గా వినపడనిది నాకు. నువ్వు నాతో చెప్పి, నేను దానితో చెప్పేసరికి ఉన్న వేడి కూడా పోతుంది."

డాక్టరమ్మ గ్లాసు అందుకుంది. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నిన్న సాయంత్రం నుంచి ఇంట్లో ఇదే వరస. చెల్లెల్ని బండి మీద తీసుకొద్దామని ఆసుపత్రికి వెళ్లిన అన్నయ్య, స్కానింగ్ గదుల ముందు నిలబడి ఉండగా లోపలినుంచి లెక్కలాయన గొంతు విన్నాడు. ఆయన డాక్టరు కాదు. డాక్టరమ్మ చేస్తున్న పరిశోధనకు కంప్యూటర్ మీద లెక్కలు కట్టే మనిషి. "మీ వదినగారి బొమ్మలు చూశానండి. రెండోవైపు దాదాపు వెలగనే లేదు" అంటున్నాడాయన. గుమ్మంలో అన్నయ్యను చూడగానే ఇద్దరూ మాట మింగేశారు.

దారి పొడవునా అతను అడుగుతూనే వచ్చాడు. "ముందు వదినకు చెప్పాలి" అంటూనే వచ్చింది ఆమె. ఇంటిముందు బండి ఆపాక అతను అడగడం మానేశాడు. మాట్లాడటం కూడా మానేశాడు.

"నేనెవర్నమ్మా ఈ ఇంట్లో?" అన్నాడు ఇప్పుడు, కిటికీతోనే. "మేడమీద అద్దెకున్నవాడినా? నా పెళ్లానికి ఏమవుతుందో ఆ కంప్యూటరాయనకి తెలియాలి, నాకు తెలియకూడదు!"

"ఏమవుతుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు" అంది డాక్టరమ్మ.

"మరి ఏం తెలిసిందని నిన్న మొహాలు అలా పెట్టారు?"

అంటే, చెల్లెలితో నేరుగా మాట్లాడేశాడు. ఆ సంగతి గుర్తొచ్చి మళ్లీ కిటికీవైపు తిరిగాడు.

"వదిలెయ్యరా" అంది అమ్మ. "ఆపరేషను చాలు, తర్వాత కరెంటు పెట్టి మాత్రలు ఇస్తాం, కీమో అక్కర్లేదని పెద్ద డాక్టరు చెప్పింది కదా. ఆ రోజు నువ్వు సంతోషం పట్టలేక రోడ్డు మీదే ఏడ్చావు. అంతటితో ఊరుకుందాం. ఇంకా తవ్వుకుని ఏం చేస్తాం?"

"నువ్వూ దానివైపే."

"నేను ఎవరివైపూ కాదు. ఇంట్లో నాలుగు మాటలు వినపడితే చాలు నాకు."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కింద సైకిల్ షాపులోంచి వదిన పైకి వచ్చింది. చేతులనిండా గ్రీజు, బుగ్గ మీద ఒక మరక. షాపు పేరుకి అన్నయ్యదే గానీ, వంకరపోయిన చక్రం సరిచెయ్యాలంటే వచ్చినవాళ్లంతా వదినకోసమే చూస్తారు. రొమ్ములో గడ్డ ఉందని తేలాక కూడా ఆవిడ ఒక్కపూట షాపు మూయలేదు.

"చిన్న పానా ఎక్కడ పెట్టారండీ?" అని అడుగుతూ ఆగిపోయింది. ముగ్గురి మొహాలూ చూసింది. "నా గురించేనా?"

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నా గురించే అన్నమాట. బాగుంది. సభ పెట్టుకున్నారు, నన్ను పిలవడం మర్చిపోయారు."

"అదికాదు వదినా..."

"నిన్న రాత్రి నువ్వు నాకేసి చూసి రెండుసార్లు నోరు తెరిచి మూసేశావు. ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను." వదిన గుడ్డతో చేతులు తుడుచుకుంది. "ఎక్కడ చెబుతావు? ఇక్కడా, మీ ఆసుపత్రిలోనా?"

"బొమ్మలు చూపిస్తూ చెబితే నయం."

"అయితే పద. మీ అన్నయ్య షాపు చూసుకుంటారు."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "నేనూ వస్తాను."

"మీరు వద్దు" అంది వదిన. గొంతులో కోపం లేదు. "మీరొస్తే నేను విన్నది అర్థం చేసుకునేలోపు మీ మొహం చూడాలి. ముందు నన్ను విననివ్వండి."

అతను మళ్లీ కూర్చున్నాడు. పానా అతని జేబులోనే ఉంది. తీసి బల్లమీద పెట్టాడు.

* * *

డాక్టరమ్మ కూర్చునే గదికి కిటికీలు లేవు. రెండు పెద్ద తెరలు, గోడవారగా మూలుగుతున్న ఏసీ, మసక వెలుతురు. వదిన చక్రాల కుర్చీలో కూర్చుని ఒకసారి అటూ ఇటూ కదిపి, వంగి కిందికి చూసింది.

"దీని చక్రంలో ఎవరిదో జుట్టు చుట్టుకుంది. కత్తెర ఉందా?"

"వదినా!"

"సరే సరే. చూపించు."

తెర మీద బూడిదరంగు ఆకారాలు వచ్చాయి. స్కాన్ రోజు ఒక పెద్ద గొట్టంలో బోర్లా పడుకున్న సంగతి వదినకు గుర్తుంది. చేతికి సూది గుచ్చారు. కాసేపటికి ఒళ్లంతా చల్లగా పాకింది. ఒప్పుకున్నవాళ్ల బొమ్మలు పరిశోధనకు వాడుకుంటామని ఆ రోజే అడిగారు. "వాడుకోండి, ఏదైనా తేలితే మాత్రం నాకు చెప్పాలి" అని వదిన ఒప్పుకుంది.

"సూదిలో ఎక్కించింది కాంట్రాస్ట్ మందు" అంది డాక్టరమ్మ. "అది రక్తంతోపాటు వెళ్తుంది. ఎక్కించకముందు ఒక బొమ్మ, ఎక్కించాక వరసగా కొన్ని బొమ్మలు తీస్తాం. మందు చేరినచోటు వెలుగుతుంది. ఇదిగో, ఇది ఎడమవైపు."

చీకట్లో ఒక తెల్లటి మచ్చ భగ్గుమంది. తర్వాతి బొమ్మలో కాస్త మసకేసింది. ఆ తర్వాతి దాంట్లో ఇంకాస్త.

"అదేనా?"

"అదే. గబుక్కున పట్టుకుంటుంది, గబుక్కున వదిలేస్తుంది. గడ్డ తీరే అంత."

వదిన దాన్ని చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ తడిమి చూసుకున్నదే తప్ప కంటితో చూడటం ఇదే మొదలు. "ఇంతేనా! దీనికి ఇంత హంగామానా!" అంది చివరికి. "మరి ఆ రెండోవైపు?"

డాక్టరమ్మ కుడివైపు బొమ్మలు తెచ్చింది. మందుకు ముందు, మందు తర్వాత, ఇంకాస్త తర్వాత. అన్నీ ఒకేలా బూడిదరంగులో ఉన్నాయి.

"ఏమీ లేదుగా."

"ఏమీ లేదు. ఇటువైపు జబ్బు లేదు. అది గట్టిగా చెప్పగలను."

"లేకపోతే మంచిదేగా! దానికి లెక్కలాయన ఎందుకు దిగులుపడ్డాడు?"

డాక్టరమ్మ తెర మీది బొమ్మను కాస్త పెద్దది చేసింది. నిన్నటినుంచి ఈ వాక్యం ఎలా మొదలుపెట్టాలా అని మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ ఉంది.

"జబ్బులేని భాగం కూడా మామూలుగా కొంచెం వెలుగుతుంది వదినా. గడ్డలా కాదు, నెమ్మదిగా, నిదానంగా. కొందరిలో బాగా, కొందరిలో తక్కువగా. ఎన్నో ఏళ్లక్రితం నీలాంటి రకం గడ్డకే వైద్యం చేయించుకున్న ఆడవాళ్ల పాత స్కాన్లు తీసి చూశాం. వాళ్లు తర్వాత ఎలా ఉన్నారో కనుక్కున్నాం. మంచివైపు నిదానంగా వెలిగినవాళ్లలో ఎక్కువమంది బాగున్నారు. వెలగనివాళ్లలో..."

"చెప్పు."

"జబ్బు తిరిగి రావడం కాస్త ఎక్కువగా కనపడింది."

ఎవరో తలుపు తోసి, మనుషులున్నారని చూసి, మళ్లీ మూసేశారు.

"ఎందుకని?" అంది వదిన.

"తెలియదు. తలా ఒకటి అంటున్నారు. ఒంట్లో హార్మోన్లు ఎలా ఉన్నాయో దానివల్ల అని ఒకరు, మాత్రల మందు రక్తంతోపాటు సరిగ్గా చేరదేమో అని ఇంకొకరు. నాకైతే తెలియదు. నెలసరి ఆగిపోయినవాళ్లలో మామూలుగానే తక్కువ వెలుగుతుంది. నీకూ ఆగిపోయింది కదా. వయసు లెక్క తీసేసి చూసినా తేడా కనపడుతోందని లెక్కలాయన అంటాడు. ఇదే పని ఇంకోచోట చేసినవాళ్లలో కొందరికి కనపడింది, కొందరికి కనపడలేదు."

"అంటే నాకు తిరిగొస్తుందా?"

"అది చెప్పలేదు వదినా ఈ బొమ్మ. పదిమంది సంగతి చెబుతుంది, ఒక్కరి సంగతి చెప్పలేదు. వెలగనివాళ్లలో కూడా ఎక్కువమంది హాయిగానే ఉన్నారు."

వదిన తలూపింది. కళ్లలో నీళ్లేమైనా వస్తాయేమోనని డాక్టరమ్మ చూసింది. రాలేదు. ఆవిడ బొమ్మకేసే చూస్తోంది, షాపుకొచ్చిన సైకిలును పనిముట్టు పట్టకముందు చూసినట్టు.

"ఈ సంగతి పెద్ద డాక్టరుకి తెలుసా?"

"తెలియదు. ఇది ఇంకా పరిశోధనే. చికిత్సలో లెక్కలోకి రాదు."

"రాదా, నువ్వు చెప్పలేదా?"

వదిన డాక్టరమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. గ్రీజు మరక తెల్లకోటుకు అంటుకుంది. ఇద్దరూ చూశారు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

"వెళ్లి చెప్పు" అంది వదిన. "ఇంకో మాట. ఇకమీదట ఏది తేలినా నువ్వు చెప్పొద్దు, ఆవిడ చేత చెప్పించు. నువ్వు నా పక్కన కూర్చో. డాక్టర్లు బోలెడుమంది దొరుకుతారు నాకు. ఆడపడుచు ఒక్కతే."

* * *

పెద్ద డాక్టరు గదిలో నాలుగు కుర్చీలున్నా మూడింటి మీద ఫైళ్లే. ఆవిడ ఒకదాన్ని ఖాళీ చేసి, "కూర్చో" అంది. డాక్టరమ్మ నిలబడే అంతా చెప్పింది.

పెద్ద డాక్టరు అడ్డుపడకుండా విని, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఇదే బొమ్మ వేరే ఎవరిదో అయితే నా గదికి వచ్చేదానివా?"

డాక్టరమ్మకు ఈమధ్య కొన్ని నెలలుగా చూసిన బొమ్మలు గుర్తొచ్చాయి. మందు ఎక్కినా బూడిదరంగులోనే ఉండిపోయినవి ఇంకొన్ని ఉన్నాయి. వాటికి పేర్లు లేవు, నంబర్లే. పట్టికలో ఎక్కించి పక్కన పెట్టేసింది.

"వచ్చేదాన్ని కాదు."

"మరి?"

"రావలసింది."

పెద్ద డాక్టరు కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. కోపం వచ్చిందో లేదో ఆవిడ మొహం చూసి చెప్పడం కష్టం.

"బొమ్మ చూసి కీమో ఇవ్వను. రేపు నీ పరిశోధన తప్పని తేలితే, ఊరికే ఒక మనిషికి జుట్టూ ఓపికా ఊడగొట్టినదాన్నవుతాను. కానీ ఆపరేషన్లో తీసే గడ్డని జన్యు పరీక్షకు పంపొచ్చు. తిరిగొచ్చే ప్రమాదం ఎక్కువో తక్కువో చెబుతుంది, ఆ పరీక్ష నమ్మదగ్గది. చిన్న గడ్డలకు మనం మామూలుగా పంపడంలేదు, అంతే. మీ వదినది పంపుతాను."

"థాంక్స్ మేడమ్."

"ఆగు. ఆమెదొక్కటే పంపను. నీ పట్టికలో ఇలాగే ఉండి, కీమో అక్కర్లేదని నేను చెప్పి పంపినవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందివీ పట్టుకురా. వాళ్ల గడ్డల ముక్కలు ల్యాబులో భద్రంగానే ఉంటాయి. పేర్లు తెప్పించడానికి పై అనుమతి నేను తీసుకుంటాను. వాళ్లకి ఫోన్ చేసి ఒప్పించే పని నీది."

ఆ సాయంత్రమే డాక్టరమ్మ పాత బొమ్మలు తిరగేసింది. నలుగురు తేలారు.

* * *

అన్నయ్యకు వదినే చెప్పింది. షాపు మూసే వేళ, షట్టరు సగం దించి, తలకిందులుగా నిలబెట్టిన సైకిలుకు అటువైపు ఆవిడ, ఇటువైపు అతను.

డాక్టరమ్మ మెట్ల దగ్గర ఆగింది. పైకి వెళ్లిపోదామనుకుంది గానీ, "నువ్వూ ఉండు, నేనేదైనా తప్పుగా చెబితే దిద్దు" అని వదిన పిలిచింది.

వదిన ఎక్కువ మాటలు వాడలేదు. జబ్బులేని వైపు వెలగాలట, నాది వెలగలేదట, అలాంటివాళ్లకు కొంచెం ఎక్కువగా తిరిగొస్తుందేమోనని అనుమానమట, ఆపరేషన్ అయ్యాక ఇంకో పరీక్ష ఉందట.

అన్నయ్య పెడలు తిప్పుతూ విన్నాడు. చక్రం గిర్రున తిరుగుతోంది. చెప్పడం అయిపోయాక కూడా తిప్పుతూనే ఉన్నాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"అయితే ఆ రెండోదీ తీయించెయ్. వెలగనిది ఎందుకు మనకి?"

వదిన డాక్టరమ్మ వైపు చూసింది.

"తీస్తే లాభం లేదన్నయ్యా" అంది డాక్టరమ్మ. "తిరిగొస్తే అక్కడే వస్తుందని కాదు, ఒంట్లో ఎక్కడైనా రావచ్చు. ఆ వైపు మనకేదో చెబుతోందేమో గానీ, చెడ్డది మాత్రం కాదు."

అన్నయ్య చక్రాన్ని అరచేత్తో ఆపాడు. వదిన తొందరపెట్టలేదు. రోడ్డు మీద పోయే ఒకతను సగం దించిన షట్టరు కిందనుంచి తొంగిచూసి, "గాలి కొట్టాలి" అన్నాడు. "రేపు రండి" అంది వదిన.

"తెలియక ముందే నయంగా ఉంది" అన్నాడు అన్నయ్య చివరికి.

"తెలియాలని ఇల్లు పీకి పందిరేశారుగా!"

"వేశాను." అతను మొదటిసారి చెల్లెలివైపు తిరిగాడు. "నిన్న నువ్వు చెప్పలేదని ఒళ్లు మండింది. చెప్పి ఉంటే ఈవిడ దగ్గర దాచలేక చచ్చేవాణ్ని."

"తెలుసన్నయ్యా."

"తెలిస్తే అప్పుడే అనొచ్చుగా!"

"నువ్వు అమ్మతో మాట్లాడుతున్నావు కదా" అంది డాక్టరమ్మ.

వదినకు నవ్వాగలేదు. అతనికి నవ్వు రాలేదు గానీ, షట్టరు దించడానికి వంగినప్పుడు రెండోకొస పట్టుకోమని చెల్లెలికి సైగ చేశాడు.

* * *

ఆపరేషన్ అనుకున్నట్టే జరిగింది. చంకలోకి ఏమీ పాకలేదు. వదిన నాలుగో రోజునుంచే షాపులో కుర్చీ వేసుకుని కూర్చుని, అన్నయ్య చేసే పనికి వంకలు పెట్టడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ ఆ నలుగురికీ ఫోన్లు చేసింది. ఒకామె భయపడింది. ఒకామె తిట్టింది. "అప్పుడు అక్కర్లేదన్నారు, ఇప్పుడు కావాలంటున్నారు, మీకే సరిగ్గా తెలియదా?" అని. మాకే సరిగ్గా తెలియదమ్మా అని డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆ మాట విన్నాకే ఆమె సరేనంది. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

ఫలితాలు వచ్చే రోజున ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అందరూ దాని గురించే ఆలోచిస్తున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ మోగింది.

వదిన ఫోన్ బల్లమీద పెట్టి, అందరికీ వినపడేలా నొక్కింది. "చెప్పండి డాక్టరుగారూ. అందరం ఇక్కడే ఉన్నాం."

"తక్కువ రాలేదు, ఎక్కువా రాలేదు" అంది పెద్ద డాక్టరు గొంతు. "మధ్యలో వచ్చిందమ్మా. ఇలా వచ్చినప్పుడు మీ వయసువాళ్లకి కీమో ఇచ్చినా, ఇవ్వకపోయినా తప్పు కాదు. మేలు ఉంటే కొద్దిగా ఉంటుంది. ఇబ్బంది మాత్రం తప్పదు."

"ఆ బొమ్మ సంగతి?"

"దాన్ని నమ్మి ఇవ్వను. కొట్టిపారేయడానికీ మనసొప్పడం లేదు. నిర్ణయం మీది. రెండు మూడు రోజులు ఆలోచించుకుని చెప్పండి."

"మధ్యలో అంటే ఏమిటమ్మా?" అని అమ్మ గుసగుసగా డాక్టరమ్మను అడిగింది. "మంచికా, చెడ్డకా?"

"ఆలోచిద్దాం" అన్నాడు అన్నయ్య. "తొందరేం లేదు. ఇంకొకరిని కూడా అడిగి..."

"ఇవ్వండి డాక్టరుగారూ" అంది వదిన. "కీమో ఇవ్వండి."

"ఒక్కరోజు ఆగవే!"

"మీరంతా ఇన్నాళ్లూ ఫలితం కోసం ఎదురుచూశారండీ. నేను ఆలోచించుకున్నాను. తక్కువ వస్తే వద్దందాం, ఎక్కువ వస్తే ఎలాగూ తప్పదు, మధ్యలో వస్తే చేయించుకుందాం అని. మధ్యలోనే వచ్చింది."

అమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"సరేనమ్మా" అంది ఫోన్లో గొంతు. తర్వాత, "మీ ఆడపడుచు ఉందా అక్కడ? ఫోన్ ఇవ్వండి. ఆమె ఒక్కతే వినేలా."

డాక్టరమ్మ ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచింది.

"మిగతావాళ్లవీ వచ్చాయి" అంది పెద్ద డాక్టరు. "ముగ్గురివి తక్కువే. వాళ్లకు ఏ మార్పూ అక్కర్లేదు. అది మంచి కబురే, నీ పట్టికకు మాత్రం అంత మంచిది కాదు. నాలుగో ఆవిడ ఉంది చూడు, నిన్ను తిట్టిందన్నావు. ఆవిడది బాగా ఎక్కువ. మాత్రలు ఒక్కటే చాలవు."

డాక్టరమ్మ వరండా కమ్మీ పట్టుకుంది. "ఆమెకు చెప్పారా?"

"పొద్దుటినుంచి చేస్తున్నాను. ఫోన్ తీయడం లేదు. ఆసుపత్రి నంబరు చూస్తేనే కట్ చేస్తోంది. కీమో అక్కర్లేదని నా నోటితో చెప్పి పంపానమ్మా ఆవిణ్ని. ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకా ఆలస్యమైతే ఇచ్చినా పెద్దగా పనిచెయ్యదు."

డాక్టరమ్మ లోపలికి వచ్చి చెప్పులకోసం వెతికింది. ఆమె మొహమే చెబుతోంది.

"ఎవరికో బాగాలేదు" అంది వదిన.

"వివరం చెప్పకూడదు వదినా. ఒకావిడ ఇంటికి వెళ్లాలి. నన్ను చూస్తే తలుపు తీస్తుందో లేదో."

వదిన కంచం పక్కకు జరిపి లేచింది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవదు. రెండో చేత్తో చెంగు సర్దుకుంది.

"నాకేం చెప్పొద్దు. నేను గేటు బయట నిలబడతాను" అంది. "ఆవిడ తలుపు తీయకపోతే, నాలాంటిది ఇంకొకతె వచ్చిందని మాత్రం చెప్పు. ఏవండీ, బండి తాళాలు ఇవ్వండి."

అన్నయ్య తాళాలు ఇవ్వలేదు. తనే ముందు మెట్లు దిగాడు.